గోడల్లేని గడప

సౌమ్య నామ సంవత్సరం పంచాంగం రాసిన సిద్ధాంతికి కొత్త దంపతుల మీద ఏం కోపం ఉండిందో గాని, ఆ ఏడు ఆషాఢాలు రెండొచ్చాయి. ముందు అధిక ఆషాఢం, దాని కొంగు పట్టుకుని నిజ ఆషాఢం. మామూలు ఏడాదిలో అయితే కొత్త పెళ్ళికూతుళ్ళు ఒక నెల పుట్టింట్లో కూర్చుంటే సరిపోయేది. ఆ ఏడు రెండు నెలలు కూర్చోవలసి వచ్చింది.

అలా కూర్చున్నవాళ్ళలో మనుబోలు వెంకయ్య గారి కూతురు చెంచులక్ష్మి ఒకతె. నెల్లూరులో బి.ఏ. చదివింది. వైశాఖంలో జయరామయ్యతో పెళ్ళయింది. ఆయన కావలి కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు. కాపురం సరిగ్గా నెల రోజులు. ఆ నెలలో ఆమె రెండు కుండలు పగలగొట్టింది, నాలుగుసార్లు పప్పు మాడ్చింది, అంతకుముందు ఇరవై ఏళ్ళలో నవ్వనంత నవ్వింది. అంతలో జ్యేష్ఠం అయిపోవచ్చిందని అమ్మ ఆదిశేషమ్మ మనిషిని పంపి పిలిపించుకుంది. ఆషాఢంలో అత్తా అల్లుడు ఎదురుపడకూడదు, ఒకే గడప దాటకూడదు. అందుకని కూతురు అటు పోకూడదు, అల్లుడు ఇటు రాకూడదు.

"అధికమాసం లెక్కలోకి రాదంట గదమ్మా," అంది చెంచులక్ష్మి మొదటి ఆషాఢంలో.

"ఎందుకు రాదు? దాని పేరూ ఆషాఢమే గదా."

"అయితే రెండోది లెక్కలోకి రాదు."

"అదెట్టా రాకుండా పోతుంది? అసలుది అదే!"

బి.ఏ. చదువు అక్కడితో ఆగిపోయింది.

చెంచులక్ష్మికి ఇంకో దిగులు కూడా ఉంది. కావలి ఇంట్లో మొదటిసారి కాలు పెట్టేటప్పుడు ఆడబిడ్డ ఇందిరమ్మ వాకిలికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "మొగుడి పేరు చెప్పి లోపలికి రా" అంది. అందరి పెళ్ళిళ్ళలో ఉండేదే. కాని చెంచులక్ష్మికి నవ్వొచ్చింది, సిగ్గొచ్చింది, చెమటొచ్చింది, పేరు మాత్రం రాలేదు. సరిగ్గా అప్పుడే లోపల పొయ్యి మీద పాలు పొంగాయి. ఇందిరమ్మ "అయ్యో" అని పరిగెత్తింది. ఈమె ఆ సందున లోపలికి జారుకుంది. అప్పటినుంచి జయరామయ్యకు అదొక ఆట. "నువ్వింకా మా ఇంట్లోకి సరిగ్గా రాలేదు. పాలు పొంగితే పిల్లి కూడా వస్తుంది," అనేవాడు. ఇప్పుడు పుట్టింట్లో కూర్చుని ఆమె రోజుకు పదిసార్లు ఆ పేరు మనసులో అనుకుంటోంది. బావి దగ్గర ఒకసారి, పెరట్లో కరివేపాకు తుంచుతూ ఒకసారి. పైకి అనడానికి మాత్రం నోరు రాదు.

ఇలా ఉండగా మామగారి పేర జయరామయ్య ఉత్తరం వచ్చింది. వెంకయ్య అరుగు మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

సూళ్ళూరుపేట అవతల, పులికాట్ సరస్సు దాటాక ఉన్న శ్రీహరికోట దీవి నుంచి మన దేశం రాకెట్లు ఎగరేయబోతోందట. ప్రభుత్వం స్థలం తీసుకుందట. రేపు కంచె వేస్తే ఎవరినీ లోపలికి రానివ్వరు, చూస్తే ఇప్పుడే చూడాలి. చదువుకున్న అమ్మాయి తప్పక చూడవలసిన చోటు. చివర్లో ఇంకొక్క మాట: "అక్కడ ఇంకా ఇళ్ళు కట్టలేదు. ఇళ్ళు లేవు గనక గడపలు కూడా ఉండవని అత్తగారికి మనవి చేయవలసింది."

వెంకయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మీసం కింద నవ్వు దాగడం లేదు. "సైన్సు సంగతి! పంపకుంటే బాగుండదు," అన్నాడు.

ఆదిశేషమ్మ తలుపు వెనక నుంచి, "నేనూ పోతా. ఆ రాకెట్టునూ చూసినట్టుంటుంది, చూపించే ఆయన్నీ ఓ కంట కనిపెట్టినట్టుంటుంది," అంది.

చెంచులక్ష్మి గుండె సగం ఎగిరి సగం కూలబడింది.

శనివారం పక్కింటి రేడియోలో చంద్రుడి మీదికి పోతున్న ముగ్గురి గురించి చెప్పారు. బయల్దేరి మూడు రోజులయిందట, రేపటికి దిగుతారట. "చందమామ దగ్గరికి నాలుగు రోజులు. మనుబోలు నుంచి కావలికి రెండు నెలలు!" అనుకుంటూ ఆమె పులిహోరకు చింతపండు నానబెట్టింది. రేపు సాయంత్రం మళ్ళీ మనుబోలులో దిగితే ఇంకా ఇరవై నాలుగు రోజులు. పొద్దున సంచి సర్దుతూ, అరిటాకుల కింద, అడుగున, రెండు చీరలు మడిచి పెట్టింది. పెట్టాక గుండెకు కాస్త నిమ్మళం అనిపించింది.

కావలి నుంచి వచ్చే పాసింజరులో తల్లీకూతుళ్ళు ఆడవాళ్ళ పెట్టె ఎక్కారు. జయరామయ్య అదే బండిలో ఎక్కడో ఉన్నాడు. గూడూరులో కిటికీ దగ్గర కనిపించాడు, రెండు చేతుల్లో రెండు గోలీ సోడాలతో. ఐదు వారాల తర్వాత చూడటం. క్రాపు పెరిగింది, కాస్త చిక్కాడు, చొక్కాకు ఒక బొత్తాం లేదు. ఆ బొత్తాం లేని చోటునే చూస్తూ ఉండిపోయింది చెంచులక్ష్మి. ఆదిశేషమ్మ కొంగు తలమీదికి లాక్కుని అవతలి కిటికీ వైపు తిరిగింది.

"మీ అమ్మగారికి సోడా," అన్నాడు.

"నాకేం వద్దని చెప్పు పాపా," అంది ఆదిశేషమ్మ కిటికీతో.

"నిమ్మకాయ సోడా అని చెప్పు."

"నిమ్మకాయదంటమ్మా."

కిటికీ వైపు నుంచి ఒక చెయ్యి వెనక్కి వచ్చింది. సోడా అందుకుని వెళ్ళింది. చెంచులక్ష్మి తన గోలీని బొటనవేలితో నొక్కింది. అది కీచుమని అరిచి లోపలికి పడింది. ఆ చప్పుడంటే ఆమెకు ఎంత ఇష్టమో ఆయనకు తెలుసు. బండి కదిలేదాకా ఇద్దరూ ఊరికే నవ్వుకున్నారు.

సూళ్ళూరుపేటలో దిగి ముందు చెంగాళమ్మ తల్లికి దండం పెట్టుకున్నారు. పగలైనా రాత్రయినా మూయని గుడి అది, తలుపులే లేవు. అక్కడినుంచి ఎడ్లబండిలో సరస్సు ఒడ్డుకు. ఎండాకాలం ఇంకా పూర్తిగా పోలేదు, నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయాయి. ఒడ్డున ఉన్నది ఒకటే పడవ, దాని మనిషి మస్తానయ్య.

"పడవకు గడప ఉంటుందామ్మా?" అని మెల్లగా అడిగింది చెంచులక్ష్మి.

ఆదిశేషమ్మ పడవను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "గడప లేదు గాని ఎదురుపడతాం గదా," అని ముందు భాగంలో కూర్చుని, నల్ల గొడుగు విప్పి వెనక్కి వాల్చి అడ్డం పెట్టుకుంది. వెనక భాగంలో జయరామయ్య. నడుమ చెంచులక్ష్మి, పొలానికి గట్టులాగా.

ఆషాఢ గాలి తెరచాపను పట్టుకుని లాగింది. చేపలు గుప్పెడు గుప్పెడుగా పైకెగిరి పడుతున్నాయి. చెంచులక్ష్మి ఒక్కొక్క గుంపుకూ చప్పట్లు కొట్టింది. అంతలో పడవ కింద మెత్తగా ఏదో తగిలి, ముసలి గేదెలాగా బురదలో కూర్చుంది.

"దిగాల్సిందే సామీ," అన్నాడు మస్తానయ్య. "ఆడోళ్ళు కూసోండి, మనిద్దరం తోద్దాం."

జయరామయ్య ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగాడు. మొదటి తోపుకు పడవ కదల్లేదు. రెండో తోపుకు కదిలింది, ఆయన మాత్రం అక్కడే ఉండిపోయాడు. కాళ్ళు బురదలో దిగబడి, నిలువునా, మర్యాదగా, నీళ్ళలోకి బోర్లాపడ్డాడు. లేచేసరికి మొహం నిండా నల్లటి బురద. కళ్ళు రెండే తెల్లగా.

గొడుగు వణకడం మొదలుపెట్టింది. మొదట కొద్దిగా, తర్వాత ఊగిపోయింది.

"అల్లుడు గారికి దెబ్బ తగల్లేదేమో కనుక్కో పాపా," అంది గొడుగు. మాట సగంలో గొంతు కీచుమంది, అచ్చం సోడా గోలీ లాగా.

దీవి మీద దిగాక మస్తానయ్య పడవ దగ్గర ఉండిపోయాడు. సర్వేవాళ్ళు చెట్లకు కట్టిన ఎర్రగుడ్డలు చూసుకుంటూ పొమ్మన్నాడు. ఇసుక, సరుగుడు తోపులు, జీడిమామిడి, మొగలిపొదలు. జయరామయ్య వందడుగుల ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండా గట్టిగా పాఠం చెబుతున్నాడు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకని తూర్పుకు ఎగరేస్తే రాకెట్టుకు భూమి కూడా ఒక తోపు తోస్తుంది. తూర్పున సముద్రం. పడినా ఎవరి నెత్తినా పడదు.

"తోపు సంగతి బాగా తెలుసు ఈయనకు," అంది ఆదిశేషమ్మ. "అడుగు పాపా, రాకెట్టు యాడుండాది?"

"ఇక్కడే ఎక్కడో పెడతారు," అని వినిపించింది ముందునుంచి.

"పెడతారా? ఇంకా పెట్టలేదా? లేని రాకెట్టును చూడటానికా నేను తెల్లారుజామున లేచి పులిహోర కలిపింది?"

చూడటానికి ఉన్నవి తెల్లసున్నం పూసిన రాళ్ళు, వాటి మీద అంకెలు. తోపు దాటి బయటికి రాగానే మాత్రం ముగ్గురూ ఆగిపోయారు. ఎదురుగా తెల్లటి ఇసుక, దాని అవతల నీలంగా సముద్రం. ఆ నడుమ, మట్టంగా చదును చేసిన నేల మీద, ఒక ద్వారబంధం నిలబడి ఉంది. గోడల్లేవు, కప్పు లేదు, తలుపూ లేదు. రెండు వాసాలు ఊతం పెట్టిన ద్వారబంధం ఒక్కటే. గడపకు పసుపు, కుంకుమ బొట్లు, పైన ఎండిపోయిన మామిడాకుల తోరణం. అందులోంచి చూస్తే సముద్రం పటం కట్టించినట్టు కనిపిస్తోంది.

జయరామయ్య చిన్నపిల్లాడిలాగా పరిగెత్తి, అందులోంచి దూసుకుని అవతలికి పోయి, చేతులు చాపి నిలబడ్డాడు. "ఇక్కడినుంచే! తూర్పుకు!" అని అరిచాడు.

చెంచులక్ష్మి నవ్వుతూ చెప్పులు విప్పుకుని ఇసుక దులుపుకుంటోంది. ఆదిశేషమ్మ సముద్రాన్ని చూస్తూ నడిచింది. ద్వారబంధం దగ్గరికి వచ్చి ఆగింది. పక్కనుంచి పోవడానికి ఎటు చూసినా ఎకరాలకొద్దీ ఖాళీ. కాని పసుపు రాసిన గడప ఎదురుగా ఉండగా పక్కనుంచి పోయే అలవాటు ఆమెకు లేదు. పక్కనుంచి పోయేది దొంగలు. వంగి గడపను తాకి కళ్ళకద్దుకుంది, కుడికాలు ముందుపెట్టి అవతలికి దాటింది.

"అమ్మా!" అంది చెంచులక్ష్మి. ఆలస్యమైపోయింది.

సరుగుడు నీడలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. తలపాగా, చేతిలో గోడల నిలువు చూసే తూకంగుండు. తను మేస్త్రీ హజరత్తయ్యనని చెప్పుకున్నాడు. ఇది ఇంజనీర్లకు కడుతున్న ఆఫీసు గదట. ఆషాఢం వస్తే పని సాగదని జ్యేష్ఠంలోనే మంచి రోజు చూసి ద్వారబంధం ఎత్తి, కాపలా కూర్చున్నాడట. గోడలు శ్రావణంలో లేస్తాయి.

"ఆ అబ్బాయి మీకేమవుతాడమ్మా?"

"అల్లుడు," అంది ఆదిశేషమ్మ.

హజరత్తయ్య చేతిలో తూకంగుండు ఊగడం ఆగింది. "కొత్తల్లుడా?"

అప్పుడు తెలిసింది ఆదిశేషమ్మకు. వెనక్కి తిరిగి గడపను చూసింది, ఎదురుగా బురద మొహంతో ఉన్న అల్లుణ్ణి చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"గోడల్లేవు గదయ్యా! ఇది ఇల్లెట్టా అవుతుంది? గోడల్లేని గడప గడపే కాదు."

హజరత్తయ్యకు రోషం వచ్చింది. "ఎంత మాటమ్మా! కింద నవధాన్యాలు పోసి, టెంకాయ కొట్టి, నా చేత్తో నిలబెట్టినా. గోడదేముంది, ఎప్పుడైనా లేస్తాది. చెంగాళమ్మ గుడికి తలుపుల్లేవే, గుడి కాకుండా పోయిందా?"



"అదీగాక నువ్వు దండం పెట్టి మరీ దాటావమ్మా," అంది ఇవతలి నుంచి చెంచులక్ష్మి. గొంతు అమాయకంగానే ఉంది. లోపల మాత్రం లెక్క వేసుకుంటోంది. గడప గడపే అయితే కాపాడుకోవలసిన నియమం ఎలాగూ పోయింది. ఇక ఇరవై నాలుగు రోజులు ఎందుకు?

ఆదిశేషమ్మ కొంగు నడుంలో దోపుకుంది. "దాటింది వెనక్కి దాటితే సరి," అని గబగబా వచ్చి, అదే కుడికాలు పెట్టి ఇవతలికి దాటేసింది. "అల్లుడు గారిని కూడా దాటి రమ్మను పాపా. చూసినవాళ్ళు లేరు. హజరత్తయ్యా, నువ్వూ చూడలా."

"నేను సముద్రం చూస్తాండా," అన్నాడు హజరత్తయ్య.

జయరామయ్య గడప దాకా వచ్చాడు. కాలెత్తాడు. చెంచులక్ష్మి వైపు చూశాడు. ఆమె బొత్తాం లేని ఆ చోటునే చూస్తోంది. ఎత్తిన కాలు అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్ళి, ఇసుకలో దిగింది.

"అడుగు పడటంలేదత్తయ్యా," అన్నాడు. అత్తగారితో నేరుగా ఆయన అన్న మొదటి మాట అది.

"ఎందుకు పడదు?"

"దాటితే మీ అమ్మాయి మనుబోలులో దిగిపోతుంది. నేను కావలికి ఒక్కణ్ణే పోవాలి. పులిహోర కూడా చేతకాదు నాకు."

గాలి తోరణాన్ని గలగలలాడించింది. ఆదిశేషమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. ఉన్నట్టుండి నవ్వింది. ఈసారి గొడుగు లేదు.

"మీ మామ ఏం చేసినాడో తెలుసునా నాయనా? మా పెళ్ళయిన ఏడు ఆషాఢంలో మా ఊరికి ఎద్దులు కొనాలని మూడుసార్లొచ్చినాడు. మా ఇంటి వాకిట్లోకి రాడు, మా పశువుల కొట్టం కాడే తిరుగుతాడు. ఒక్క ఎద్దునూ కొనలా! మీకు రాకెట్టు దొరికింది, ఆయనకు ఎద్దు దొరికింది. అంతే తేడా." కూతురి వైపు తిరిగింది. "సంచి అడుగున రెండు చీరలెందుకే? పడవలో తడుస్తాయనా?"

చెంచులక్ష్మి మొహం కుంకుమ అయిపోయింది. "నువ్వు చూసినావా?"

"పొద్దున్నే చూసినా. పులిహోర గిన్నె సంచిలో పెట్టింది నేనేగదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊళ్ళో ఎవరన్నా అడిగితే, ఒక ఆషాఢం పూర్తిగా పాటించినాం అని చెప్తా. ఒక ఏటికి ఒక ఆషాఢం చాలు."

"అదే గదమ్మా నేను మొదటినుంచి..."

"నువ్వు చెప్తే అది బి.ఏ. నేను చెప్తే శాస్త్రం. నోర్మూసుకుని పో."

చెంచులక్ష్మి సంచి భుజాన వేసుకుంది. పరిగెత్తబోయింది. ఆదిశేషమ్మ రెండు అంగల్లో వెళ్ళి, ద్వారబంధానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"పేరు చెప్పి పో."

"అమ్మా!"

"మీ ఆడబిడ్డ అంతా చెప్పింది నాకు. పాలు పొంగితే దూరినావంట. ఈడ పొయ్యీ లేదు, పాలూ లేవు. చెప్పు."

జయరామయ్య అవతల నిలబడి ఉన్నాడు. బురద ఎండి బుగ్గ మీద పగుళ్ళు వచ్చాయి. ఆయన వెనక సముద్రం. హజరత్తయ్య ఇంకా సముద్రాన్నే చూస్తున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. చెంచులక్ష్మి కళ్ళు మూసుకుంది. బావి దగ్గర, కరివేపాకు దగ్గర ఐదు వారాలుగా మూటగట్టిన పేరు.

"జయరామయ్య!"

అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. సరుగుడు తోపులోంచి రెండు కాకులు లేచిపోయాయి. తల్లి చేతులు తీసేసింది. కుడికాలు ముందుపెట్టి చెంచులక్ష్మి గడప దాటింది. అవతల గది లేదు, పొయ్యి లేదు, ఎండలో కాగిన ఇసుక మాత్రం ఉంది. కాళ్ళు చుర్రుమని ఆమె ఒంటికాలి మీద గెంతుతుంటే జయరామయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పడవ ఎక్కేదాకా వదల్లేదు. ఆ కట్టని ఆఫీసు గదిలో కూర్చునే నలుగురూ పులిహోర తిన్నారు. చింతపండు కాస్త ఎక్కువైందని మేస్త్రీ ఒక్కడే అన్నాడు.

సాయంత్రం బండి మనుబోలులో ఆగేసరికి ఇంకా వెలుతురుంది. ఆదిశేషమ్మ ఒక్కతే దిగింది. దిగి, కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టి, "ఆ చొక్కాకు బొత్తాం కుట్టు ముందు," అంది.

వెంకయ్య బండి తోలుకుని స్టేషనుకు వచ్చి ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద భార్య వెనక ఎవరైనా వస్తారేమోనని తొంగి చూశాడు.

"ఏమే, రాకెట్టు ఎగిరిందా?"

"ఎగిరింది," అంది ఆదిశేషమ్మ, కదిలిపోతున్న పెట్టె వైపు గొడుగు ఊపుతూ. "కావలికి. పదండి, ఎద్దులు ఎదురుచూస్తా ఉంటాయి."